వచ్చిన గుమ్మంలోంచే వెళ్ళాలి

దెయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. చిన్నప్పటి నుంచీ నా అనుమానమంతా మనుషుల మీదే. తెనాలిలో మా పెరట్లో చీకటిపడ్డాక చప్పుడైతే మా అక్క దెయ్యమనేది. పక్కింటివాళ్ళు మా జామకాయలు కోసుకుపోతున్నారని నేననేదాన్ని. చాలాసార్లు నేనన్నదే నిజమయ్యేది.

ఆక్లండ్ వచ్చాక దొరికిన ఉద్యోగం కూడా నా బుద్ధికి తగినదే. ఇన్సూరెన్స్ ఆఫీసులో క్లెయిములు పరిశీలించడం. ఇల్లు తడిసిందనీ, కారు పోయిందనీ జనం రాసి పంపే కథలు చదివి, ఇందులో అతకనిదేమిటా అని వెతకాలి. ఇంట్లో కూడా అదే పని చేస్తానని మా ఆయన మురళి విసుక్కునేవారు. కాబట్టి ఇప్పుడు చెప్పబోయేది ఎవరో భయస్థురాలి మాట కాదని ముందే మనవి చేసుకుంటున్నాను.

ఇది రెండు వేల ఐదులో, చలికాలంలో జరిగింది. అప్పుడు మేం ఆక్లండ్‌లోనే మౌంట్ రాస్కిల్‌లో ఒక పాత చెక్క ఇంట్లో అద్దెకుండేవాళ్ళం. ఇంటికి మధ్యలో గోడ పెట్టి రెండు వాటాలు చేశారు. ఒక వాటాలో ఇంటివాళ్ళు నోరీన్ ఆంటీ, డెనిస్ అంకుల్. రెండోదాంట్లో మేం. ముందు గుమ్మాలు వేరు, పెరడు మాత్రం ఒకటే. బట్టలారేసుకునే తీగ కూడా ఒకటే.

మా వంటింటి గోడకి అవతల వాళ్ళ ముందు గది. ఆ గోడ ఎంత పల్చనో చెప్పాలి, ఎందుకంటే ఈ కథలో దానికి పనుంది. ఆంటీ ఫోను పెట్టేసేముందు "బై, బై, బై, బై" అంటూ సాగదీయడం మా తిరగమోత చప్పుడులో కూడా వినిపించేది. వాళ్ళిద్దరూ ఐర్లండ్ పడమటి తీరం నుంచి వయసులో ఉండగానే వచ్చి స్థిరపడ్డవాళ్ళు. ఐరిష్‌వాళ్ళు ఒక్క బైతో ఫోను పెట్టరని ఆ గోడే నాకు చెప్పింది.

ఇల్లు చూడటానికి వెళ్ళిన రోజున ఆంటీ టీ తాగమంది. మర్యాద కోసం వద్దన్నాం. ఇక్కడివాళ్ళ, అంటే కివీల ఇళ్ళలో ఒకసారి వద్దంటే అంతే, నోరెండిపోయినా ఇంక ఎవరూ అడగరు. ఈవిడ మాత్రం మళ్ళీ అడిగింది. మేం మళ్ళీ వద్దన్నాం. అసలు మా మాట విననట్టు కెటిల్ పెట్టేసి, ఏ ఊరు మీది, మీ నాన్నగారేం చేస్తారు, అన్నదమ్ములెంతమంది అని మొదలుపెట్టింది. నాకు మా మేనత్త ఇంట్లో కూర్చున్నట్టనిపించింది. ఇంత బాగా కలిసిపోతోందంటే ఏదో కావాలి కాబోలని అనుమానం కూడా వచ్చింది.

ఏమీ అక్కర్లేదని తెలియడానికి కొన్నాళ్ళు పట్టింది. వాళ్ళ తీరే అంత. కొత్త స్వెట్టర్ బాగుందంటే, అయ్యో ఇది ఎప్పటిదో పాతది అంటారు. తమ గొప్ప తాము చెప్పుకునేవాణ్ణి చూస్తే వాళ్ళకి ఒళ్ళుమంట. ఎవరినైనా ఇష్టపడితే ఆ మనిషిని ఆటపట్టిస్తారు, మర్యాదగా మాట్లాడుతున్నారంటే ఇంకా దగ్గరకి రానివ్వలేదన్నమాట. మురళి పది మాటలకి ఒక మాట చెప్పే రకం. డెనిస్ అంకుల్ కంచె దగ్గర ఆయన్ని ఆపి, "అబ్బబ్బ, కాస్త ఊపిరి తీసుకోనివ్వవయ్యా, నీ వాగుడికి నా చెవులు పడిపోతున్నాయి" అనేవాడు. మురళి నవ్వేసి లోపలికి వచ్చేవారు.

ఆ ముందు సంవత్సరం నేను కడుపుతో ఉన్నప్పుడు, ఆంటీ నా పొట్ట వైపు చూసి ఏ మంచిమాట అన్నా వెంటనే "దేవుడు చల్లగా చూడాలి" అని చేర్చేది. ఒకసారి మరిచిపోయి వీధి చివరిదాకా వెళ్ళి, వెనక్కి వచ్చి మరీ అనేసి వెళ్ళింది. ఆ మాట చేర్చకుండా పసిబిడ్డల్ని మెచ్చుకుంటే వాళ్ళ ఊళ్ళో అనుమానంగా చూస్తారట. మన దిష్టి లాంటిదే.

అయినా పాప దక్కలేదు. నెలలు నిండాక కడుపులోనే పోయింది. కాన్పయ్యాక రక్తం ఆగక నన్ను ఆపరేషన్ థియేటర్‌కి తీసుకుపోయారు. నాకు తెలివొచ్చేసరికి మర్నాడైంది. పాపని నా ఒళ్ళో పెట్టారు. అప్పుడు మురళి గదిలో లేరు. తర్వాత, "మీరు చూశారా?" అని అడిగాను. "చూశాను సుజా" అన్నారు. అంతే. ఆ తర్వాత ఆయన నోట పాప మాట రాలేదు.

మనవాళ్ళు వచ్చి, అంత చిన్నబిడ్డలకి కర్మలేమీ ఉండవు, మర్చిపోండి, మళ్ళీ పుడతారు అని వెళ్ళారు. నోరీన్ ఆంటీ ఒక్కతే నా పక్కన కూర్చుని, "పేరేం పెట్టారమ్మా?" అని అడిగింది. నాకు కోపం వచ్చింది. పెట్టలేదన్నాను. అసలు నేనూ మురళీ పేరు గురించి ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు, పుట్టాక చూద్దామనుకున్నాం.

ఆ ఏడాదంతా నేను ఆయన్ని గమనిస్తూ గడిపాను. వేళకి తినేవారు, ఆఫీసుకెళ్ళేవారు, క్రికెట్ చూసేవారు. ఒక్కసారి కళ్ళు తడవలేదు. ఈ మనిషికి లోపల అసలేమైనా ఉందా అని నా అనుమానం. ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే నేను ఇండియా వెళ్ళిపోవాలని, మళ్ళీ రాకూడదని మనసులో నిశ్చయించుకున్నాను. టికెట్ల సంగతి కూడా కనుక్కున్నాను. ఆయనకి చెప్పలేదు.

అలాంటి రోజుల్లో డెనిస్ అంకుల్ ఆసుపత్రిలో పోయాడు.

మర్నాడు పొద్దున్న శవాన్ని ఇంటికి తెచ్చి ముందు గదిలో, తెరిచిన పెట్టెలోనే ఉంచారు. దాన్ని వాళ్ళు వేక్ అంటారు. కిటికీ కాసేపు తెరిచి మూసేశారు, గోడ గడియారం ఆపేశారు, అద్దం మీద దుప్పటి కప్పారు. అంత్యక్రియలు శనివారం. అంతవరకూ శవాన్ని ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకూడదట, ఎవరో ఒకరు పక్కన కూర్చునే ఉండాలి. ఇక్కడి మూలవాసులు మావోరీల పద్ధతి కూడా ఇంచుమించు ఇదేనని మా ఆఫీసులో అన్నారు.

నేను మాత్రం వెళ్ళలేకపోయాను. పోయినవాళ్ళని చూసే ఓపిక నాకు అప్పటికి లేదు. గురువారం సాయంత్రం మురళి ఆఫీసు నుంచి రాగానే, బట్టలైనా మార్చుకోకుండా, ఇద్దరి తరఫునా వెళ్ళివస్తానని వెళ్ళారు. నీలం మీద తెల్లచారల స్వెట్టర్ వేసుకుని ఉన్నారు. ముందు గుమ్మంలోంచి లోపలికి వెళ్ళడం మా కిటికీలోంచి చూశాను.

కాసేపటికే మా పెరటి తలుపు చప్పుడైంది. మురళే. అందరితో చేతులు కలిపారట, పెట్టె దగ్గర నిలబడ్డారట. ఎవరో చేతిలో టీ పెడితే ఎక్కడో దింపేసి, వంటింట్లోంచి వాళ్ళ వెనక గుమ్మంలోంచి బయటపడి నేరుగా పెరట్లోకి వచ్చేశారు. చావింట్లో ఏమీ పుచ్చుకోం కదా, వెళ్ళొస్తానని కూడా చెప్పం కదా. అందులోనూ తలస్నానం చెయ్యకుండా మా ముందు గదిలోంచి ఎలా వస్తారు? తువ్వాలు నేనే అందించాను. విడిచిన బట్టలు, ఆ స్వెట్టర్‌తో సహా, నేనే వాషింగ్ మెషీన్లో వేశాను. స్నానం చేసి, అన్నం తిని, పడకగదిలో కంప్యూటర్ ముందు కూర్చున్నారు. ఇదంతా నా కళ్ళముందు జరిగింది.

గోడ అవతల మాటలు, గిన్నెల చప్పుళ్ళు, ఉండుండి పెద్దగా నవ్వులు. శవాన్ని ఎదురుగా పెట్టుకుని నవ్వేమిటని నాకు ఒళ్ళు మండింది. ఇంతేనా వీళ్ళ ప్రేమ అనుకున్నాను.

అంతలో పెరటి తలుపు తట్టారు. ఆంటీ చెల్లెలు ఫిలొమీనా, అంత్యక్రియల కోసం వెల్లింగ్టన్ నుంచి వచ్చింది. పొడుగ్గా, బలంగా ఉంటుంది. చేతిలో కేకు ముక్కలున్న పళ్ళెం. నాకు ఒంట్లో బాగుండటం లేదని మా ఆయన చెప్పారట, అందుకని తెచ్చిందట.

"మీ ఆయన బంగారమమ్మా. డెనిస్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, ఎవరూ అడక్కుండానే. మా అక్క కాస్త నడుం వాల్చింది. టీ మాత్రం ముట్టడం లేదు, నువ్వైనా చెప్పు" అంది.

"ఎప్పుడు కూర్చున్నారు?" అన్నాను.

"ఇప్పుడూ అక్కడే ఉన్నాడు కదా. ఆ చారల స్వెట్టర్ అబ్బాయేగా మీ ఆయన?"

ఆ స్వెట్టర్ నా వెనక మెషీన్లో తిరుగుతోంది. పడకగదిలో మురళి దగ్గు వినిపించింది. మా ఆయన ఇంట్లోనే ఉన్నారని చెప్పాను. ఫిలొమీనా నా వైపు చూసి, ఆటపట్టిస్తున్నాననుకుందో ఏమో, నవ్వి నా భుజం తట్టి వెళ్ళిపోయింది.

నా బుద్ధి వెంటనే పని మొదలుపెట్టింది. ఆవిడ మురళిని అంతకుముందు చూడలేదు. మనవాళ్ళంతా వాళ్ళ కళ్ళకి ఒకేలా ఉంటారు. వాళ్ళ చర్చిలో కేరళ నుంచి వచ్చిన ఫాదర్ ఒకాయన ఉన్నారని తెలుసు. ఆయనే అయ్యుంటారు. లేదా ఇది వాళ్ళ సరదా. ఏదైనా సరే, పెద్దగా పట్టించుకోవలసింది కాదని నిద్రపోయాను.

శుక్రవారం సాయంత్రం నేనూ మురళీ వంటింట్లో భోజనానికి కూర్చున్నాం. ఆయన పెరుగన్నం కలుపుకుంటున్నారు. గోడ అవతల గుసగుసగా మగగొంతు ఒకటి మొదలైంది. ఇంగ్లిష్ కాదు. నేను చెయ్యి ఆపాను.

మురళి కూడా తలెత్తి, "ఎవరో మనవాళ్ళొచ్చినట్టున్నారు. తెలుగే" అన్నారు.

ఎవరి గొంతు వాళ్ళకి బయటినుంచి వింటే తెలియదంటారు. నాకు తెలిసింది. ఫోన్లో, పెళ్ళివీడియోలో, పక్కన పడుకుని విన్న గొంతు అది. ఆ గొంతు నా ఎదురుగా పెరుగన్నం కలుపుకుంటున్న మనిషిది. ఆ మనిషి పెదవులు కదలడం లేదు.

గోడ అవతల ఆ గొంతు నింపాదిగా అంటోంది: "గుమ్మం దాకా వెళ్ళానండీ. నర్సు తలుపు తీసి పట్టుకుంది. లోపలికి వెళ్ళలేదు. చూస్తే ఇంక నిజమేనని ఒప్పుకోవాలి కదా. సుజాతకి చూశానని చెప్పాను. చూడలేదు."

మురళి చేతిలో ముద్ద కంచంలో పడిపోయింది. లేచి చెయ్యి కడుక్కుని, నా వైపు చూడకుండా పెరట్లోకి వెళ్ళి తీగ దగ్గర నిలబడ్డారు. గోడ అవతల గొంతు ఇంకా మాట్లాడుతూనే ఉంది. నేను పెరటి తలుపులోంచి ఒకసారి ఆయన్ని చూసి, ఆయన అక్కడే ఉన్నారని రూఢి చేసుకుని, ముందు గుమ్మంలోంచి పరుగులాంటి నడకతో పక్కవాటాకి వెళ్ళాను.

గుమ్మంలోనే ఫిలొమీనా వచ్చినవాళ్ళ చేతులు పట్టుకుంటోంది. వచ్చే ప్రతి ఒక్కరూ ఆవిడతో అంటున్నది ఒకటే మాట, మీకొచ్చిన కష్టానికి బాధగా ఉందని. నన్ను చూడగానే ఆవిడే నా రెండు చేతులూ పట్టుకుని అదే మాట నాకు చెప్పింది. నాకు అర్థం కాలేదు.

"మీ పాప సంగతి నిన్న రాత్రి మాతో చెప్పాడు మీ ఆయన. ఎంత ఏడ్చాడో. మేమంతా ఏడ్చాం. వెన్నెల. ఎంత మంచి పేరు. అర్థం కూడా ఇంగ్లిష్‌లో చెప్పాడు" అంది.

ఆ పేరు నేను అంతవరకూ వినలేదు.

ముందు గదిలోకి వెళ్ళాను. డెనిస్ అంకుల్ పెట్టెలో కోటు తొడుక్కుని ఉన్నాడు. గది నిండా జనం. కేరళ ఫాదర్ కూడా ఉన్నారు, జపమాల పట్టుకుని. పొట్టిగా, బట్టతలతో, తెల్లగడ్డంతో. ఆయన్ని మురళి అనుకోవడం చూపులేనివాళ్ళకి కూడా సాధ్యం కాదు. పెట్టె పక్కన ఒక కుర్చీ ఖాళీగా ఉంది. దాని పక్క బల్ల మీద ముట్టని టీ కప్పు, పైన మీగడ కట్టి ఉంది.

"ఇప్పటిదాకా ఇక్కడే ఉన్నాడే" అన్నారు ఎవరో. బయటికి వెళ్ళుంటాడన్నారు ఇంకెవరో. తను గుమ్మం వదల్లేదనీ, తన ముందునుంచి ఎవరూ వెళ్ళలేదనీ ఫిలొమీనా అంది.

నోరీన్ ఆంటీ నన్ను వంటింట్లోకి తీసుకుపోయింది. ఏడ్చి ఏడ్చి ఆవిడ ముఖం ఉబ్బి ఉంది. "నిన్న మీ ఆయన ఎటునుంచి వెళ్ళాడమ్మా?" అని అడిగింది. వెనక గుమ్మంలోంచి అని చెప్పి, మా స్నానం సంగతీ, వెళ్ళొస్తానని చెప్పకూడదన్న సంగతీ కూడా చెప్పాను.

ఆవిడ తలాడించింది. వాళ్ళ ఊళ్ళో ఎవరైనా ఇంటికొస్తే, వచ్చిన గుమ్మంలోంచే వెళ్ళాలట. అటు వచ్చి ఇటు వెళ్ళకూడదు. అందులోనూ పోయినవాళ్ళున్న ఇంట్లో అస్సలు వెళ్ళకూడదు. "రేపు పొద్దున్న మూత వేసేముందు వెనకనుంచి రమ్మను. నేను గది ఖాళీ చేయిస్తాను. చెప్పాల్సిన వీడ్కోలు చెప్పి, మొదట వచ్చిన ముందు గుమ్మంలోంచే వెళ్ళమను. డెనిస్ వెళ్ళిపోయాక ఆ అబ్బాయి ఇక్కడ ఎవరి పక్కన కూర్చుంటాడు చెప్పు?" అంది.

నాకు మొట్టమొదట వచ్చింది భయం కాదు, కోపం. ఇదంతా ఈ అక్కచెల్లెళ్ళు ఆడుతున్న నాటకమేమో. గోడ రెండువైపులా పల్చనే. ఏడాదిగా నా ఏడుపు, ఆయన మౌనం అన్నీ ఈవిడ వినే ఉంటుంది. జాలిపడి, మమ్మల్ని కలపాలని ఇలా చేస్తోందేమో. కానీ ఆవిడకి తెలుగు రాదు. ఆ పేరు మా ఇంట్లో ఎవరూ పలకలేదు. ఎంత తిప్పి చూసినా ఈ రెండూ అతకలేదు.

వచ్చేటప్పుడు ముందు గుమ్మంలోంచే వచ్చాను. నమ్మి కాదు. ఊరికే ఎందుకు తలనొప్పి అని.

మురళి వంటింట్లో దీపం వెయ్యకుండా కూర్చుని ఉన్నారు. ముందు ఆయన్నే నిలదీశాను. ఎప్పుడు వెళ్ళారు అక్కడికి, నా కళ్ళుగప్పి? నిన్న నేను నిద్రపోయాకా? ఒట్టు, వెళ్ళలేదన్నారు. నాకూ తెలుసు వెళ్ళలేదని. అయినా అడగకుండా ఉండలేకపోయాను.

"మరి ఆ మాటలెవరివి?"

కంచం పక్కకి జరిపారు. తర్వాత, "నావే. కానీ ఎవరితోనూ అనలేదు సుజా. లోపల అనుకున్నవి. ఆఫీసుకి బస్సులో వెళ్తూ రోజూ అనుకునేవి" అన్నారు.

"వెన్నెల ఎవరు?"

ఆయన కుర్చీలోంచి కిందికి జారి నేలమీద కూర్చున్నారు. నీకెవరు చెప్పారని అడిగారు. నేను కడుపుతో ఉన్నప్పుడు ఆయన మనసులో పెట్టుకున్న పేరట. పుట్టాక చెప్పి నన్ను ఆశ్చర్యపెడదామనుకున్నారట. ఆ తర్వాత ఎవరికీ చెప్పలేదు.

ఆ మాట చెప్తున్నప్పుడు కూడా ఆయన కళ్ళు పొడిగానే ఉన్నాయి. నేను అదే చూస్తున్నాను. అవతల కూర్చున్నది ఎవరో గాని, వాడికి ఏడవడం వచ్చు. పేరు చెప్పడం వచ్చు. ముక్కూమొహం తెలియని ఆడవాళ్ళకి చెప్పాడు. నా ఎదురుగా కూర్చున్న మనిషి నాకు చెప్పలేదు. నాకు ఆ క్షణంలో భయం కంటే అసూయ ఎక్కువ కలిగింది.

పొద్దున్న వెళ్ళమన్నాను. చాదస్తమన్నారు. చదువుకున్నవాళ్ళం, ఇదేమిటి అన్నారు. నేను ఇండియా వెళ్ళిపోదామనుకున్న సంగతి అప్పుడు చెప్పాను. వెళ్తే మళ్ళీ రానని కూడా చెప్పాను. బెదిరించడానికి కాదు, అది నిజం. ఆయన నా ముఖంలోకి చూసి, నిజమేనని గ్రహించి, లేచి వెళ్ళి పడుకున్నారు.

శనివారం పొద్దున్న ఆంటీ అన్నమాట ప్రకారం అందర్నీ బయటికి పంపింది. సన్నగా జల్లు పడుతోంది. జనమంతా ముందు లాన్‌లో గొడుగుల కింద, వర్షం గురించి మాట్లాడుకుంటూ నిలబడ్డారు. ఎంత కష్టమొచ్చినా వాళ్ళు వానతోనే మొదలుపెడతారు. నేను పెరటివైపు ఉండి, మురళి వాళ్ళ వెనక గుమ్మంలోంచి లోపలికి వెళ్ళడం చూశాను. తెల్ల చొక్కా వేసుకున్నారు. ఆ స్వెట్టర్ తీగ మీదే ఉంది, తడిసిపోతూ. వెంటనే ఇంటి చుట్టూ తిరిగి ముందు గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాను. నా కళ్ళుగప్పి ఎవరూ ఎటూ పోకూడదని.

చాలాసేపైంది. పెట్టె తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళు వాచీలు చూసుకున్నారు. ఫిలొమీనా వాళ్ళని కదలనివ్వలేదు.

తలుపు తెరుచుకుంది. మురళి వచ్చారు. ముఖమంతా తడి, ముక్కు ఎర్రబడి, చొక్కా ముందంతా తడిసి ఉంది. గడప మీద ఆగి, వెనక్కి తిరిగి, ఖాళీ గదిలోకి చూస్తూ అందరికీ వినపడేలా అన్నారు:

"వెళ్ళొస్తా తల్లీ."

అక్కడున్న వాళ్ళెవరికీ అర్థం కాలేదు. అర్థమైంది నాకొక్కదానికే. పక్కనున్న ఫిలొమీనా చెయ్యి పట్టుకున్నాను. చావింట్లో ఎవరూ అనకూడని మాట అది. ఆ గదిలో ఉన్నది పోయిన ముసలాయన ఒక్కడే. ఆయన్ని ఎవరు తల్లీ అంటారు?

మురళి వచ్చి నన్ను పట్టుకుని, అందరి ముందూ, పసివాడిలా వెక్కి వెక్కి ఏడ్చారు. ఐరిష్‌వాళ్ళు ఎవరూ చూపు తిప్పుకోలేదు, ఎవరూ ఊరుకోమనలేదు. వరసగా వచ్చి ఒక్కొక్కరూ మా ఇద్దరి చేతులూ పట్టుకుని, మీకొచ్చిన కష్టానికి బాధగా ఉందన్నారు. పాప పోయి ఏడాది దాటాక, ఒక పరాయి మనిషి చావు దగ్గర, మాకు మొదటిసారి పరామర్శ దొరికింది. తర్వాత పెట్టెకి ఒక భుజం తక్కువైతే మురళిని పిలిచారు. ఆయన వెళ్ళి మోశారు.

లోపల ఏం జరిగిందని తర్వాత అడిగితే, "కూర్చున్నాను. చెప్పాల్సింది చెప్పాను" అన్నారు.

నోరీన్ ఆంటీ కథ వేరు. ఆవిడ గది తలుపు బయటే నిలబడిందట. లోపల రెండు గొంతులు వినిపించాయట, రెండూ ఒకేలాంటివి, ఒకటి అడుగుతుంటే ఒకటి జవాబు చెప్తూ. చివరికి ఒకటే మిగిలిందట. ఆవిడ మాట నేను పూర్తిగా నమ్మను. కథని ఉన్నదున్నట్టు చెప్పడం వాళ్ళ ఇంటావంటా లేదు, కాస్త మసాలా పడాల్సిందే. కానీ ఆ ముందు రోజు నేను విన్నదానికి ఏ మసాలా లేదు.

ఇన్నేళ్ళలో నేను ఈ ఫైలుని చాలాసార్లు తెరిచాను. మనవాడెవడో నిజంగానే వచ్చి కూర్చున్నాడా అని తెలిసిన తెలుగు కుటుంబాలన్నిట్నీ అడిగాను. గోడలో రేడియో లాంటిదేమైనా ఉందా అని, ఇల్లు ఖాళీ చేసేముందు వేళ్ళతో కొట్టి చూశాను. దుఃఖంలో మనసు ఇలాంటివి వినిపింపజేస్తుందని ఒక డాక్టరు స్నేహితురాలు చెప్పింది. నా మనసైతే సరే. ఫిలొమీనాకేం దుఃఖం మా పాప మీద? ఆ పేరు ఆవిడకి ఎవరు చెప్పారు? ఇలాంటి క్లెయిము నా బల్ల మీదకొస్తే తిరస్కరించడానికి కారణం రాయలేను, ఒప్పుకోవడానికీ సంతకం పెట్టలేను.

నేను ఇండియా వెళ్ళలేదు. తర్వాత మాకు బాబు పుట్టాడు. ఇప్పుడు ఆక్లండ్‌లోనే హాబ్సన్‌విల్‌లో ఉంటున్నాం. పిల్లలెంతమంది అని మనవాళ్ళు ఎవరైనా అడిగితే మురళి, "ఇద్దరండీ, పెద్దది వెన్నెల, పోయింది" అంటారు, తడుముకోకుండా. సినిమాల్లో ఏడుస్తారు. బస్సు డ్రైవర్లతో కబుర్లు పెట్టుకుంటారు. అంట్లు తోముతూ పాడతారు. పెళ్ళైన కొత్తల్లో నాకు తెలిసిన మురళి ఇవేవీ చేసేవారు కాదు. బాధ దిగిపోయింది కాబట్టి మారారని అందరూ అంటారు. అదే అయ్యుంటుందని నేనూ అనుకుంటాను.

కానీ నేను లెక్క తప్పని మనిషిని. గురువారం సాయంత్రం వెనక గుమ్మంలోంచి వచ్చి, నా చేత్తో తువ్వాలు అందుకుని, నా చేతి అన్నం తిన్నది ఒకరు. గోడ అవతల కుర్చీలో కూర్చుని ఏడ్చినది ఒకరు. శనివారం ఒకరు లోపలికి వెళ్ళడం చూశాను. ఒకరే బయటికి వచ్చారు. ఆ వచ్చింది ఇద్దరిలో ఎవరు?

ఆ ప్రశ్న మురళిని ఇంతవరకూ అడగలేదు. ఎన్నోసార్లు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఒకప్పటిలా నోరు విప్పరన్న భయం కాదు. ఇప్పుడీ మనిషి ఏదడిగినా చెప్పేస్తారు.